కళ్ళకు కట్టని కవిత్వం

మన విమర్శలో బాగా అరిగిపోయిన మెచ్చుకోలు మాట ఒకటుంది: "కళ్ళకు కట్టినట్టు". కవితా సంపుటికి సమీక్ష రాసినా, కథలకు ముందుమాట రాసినా ఆ మాట రాకుండా పోదు. పదచిత్రం, భావచిత్రం అనే పరిభాష వచ్చాక దానికి సిద్ధాంతం హోదా కూడా దక్కింది. ఒక కవితలో పదచిత్రాలెన్నో లెక్కగట్టి కవి స్థాయిని తేల్చే విమర్శకులనూ చూస్తున్నాం. వీరంతా ఒక విషయాన్ని రుజువక్కర్లేని సత్యంగా తీసుకున్నారు. ప్రతి పాఠకునికీ లోపల ఒక తెర ఉంటుందని, కవి దానిమీద బొమ్మ గీస్తాడని.

ఆ తెర లేని మనుషులున్నారు.

1880లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ తన ప్రశ్నావళి ఫలితాలను ప్రకటించాడు. ఆ ఉదయం ఫలహారం చేసిన బల్లను మనసులోకి తెచ్చుకుని, అదెంత స్పష్టంగా కనిపిస్తోందో చెప్పమని అతను అడిగాడు. ఏమీ కనిపించదన్నవాళ్ళు తేలారు. 'మనసులో చూడటం' అన్నది ఒట్టి అలంకారమనే వాళ్ళు అంతవరకూ అనుకుంటున్నారట! 2015లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన నాడీవైద్యుడు ఆడం జీమన్, ఆయన సహచరులు ఈ స్థితికి అఫాంటేసియా అని పేరు పెట్టారు. కొలిచే పద్ధతిని బట్టి నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా ఉంటారని అంచనా. ఇది గుడ్డితనం కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు. తల్లి ముఖాన్ని వెయ్యిమందిలో గుర్తుపడతారు. కళ్ళు మూసుకుంటే మాత్రం ఆ ముఖం రాదు. వీరిలో చాలామందికి కలల్లో బొమ్మలు వస్తాయి కూడా.

అంటే నలభైమంది కూర్చున్న తరగతిలో అలాంటి పిల్లవాడొకడు ఉండటం వింతేమీ కాదు. "కళ్ళు మూసుకోండి, వాన కురుస్తోంది, చూడండి" అని మేము పాఠం మొదలుపెడతాం. (మా మడకశిరలో కళ్ళు తెరిచినా వాన కనిపించడం అరుదే, అది వేరే సంగతి.) "నల్లగా ఉంది సార్, ఏం కనపడలేదు" అని ఒకడన్నాడనుకోండి, పొగరనుకుని బెంచీ ఎక్కిస్తాం.

మనకు ఇబ్బంది కలిగించే ప్రయోగం ఒకటుంది. దాన్ని దాచి వాదించడం నిజాయితీ కాదు. 2021లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చీకటి గదిలో భయానక కథనాలు చదివించి, చర్మం మీది చెమటను బట్టి భయాన్ని కొలిచిన ఫలితాలు వెలువరించారు. మామూలు పాఠకుల్లో కథ సాగేకొద్దీ భయం పెరిగింది. అఫాంటేసియా ఉన్నవారిలో దాదాపు చలనం లేదు. భయానక చిత్రాలు చూపించినప్పుడు మాత్రం ఇరువురూ ఒకేలా స్పందించారు. కాబట్టి బొమ్మ వల్లనే పనిచేసే రచన ఉంది, అది వీరికి అందదు. దీన్నుంచి వీరికి సాహిత్యమే అందదని తేల్చేవారు, కవిత్వమంటే బొమ్మేనన్న పాత ఊహనే తిప్పి చెబుతున్నారు.

మా జిల్లాలోనే, కటారుపల్లిలో సమాధి ఉందని చెప్పుకునే వేమనను తీసుకోండి. ఉప్పునూ కర్పూరాన్నీ ఆయన పక్కపక్కన పెట్టాడు. ఆ రెంటి తెలుపునూ లోపల చూడగలిగితేనే పద్యం బోధపడుతుందా? చూపు చాలదనీ, రుచి చూస్తేనే తేడా తెలుస్తుందనీ చెప్పే పద్యమే అది! పోలిక మీద నడిచిన తర్కం. తెరలేని పాఠకుడు అందులో ఒక్క అక్షరం పోగొట్టుకోడు.

పుట్టపర్తి నారాయణాచార్యుల విషయం ఇంత సులువు కాదు. 'పెనుగొండ లక్ష్మి' 1565 తర్వాత విజయనగరానికి రాజధానిగా నిలిచిన పట్టణపు గతించిన వైభవాన్ని తలచుకునే కావ్యం. ఆ కొలువుకూటాన్ని ఊహలో కట్టుకోలేనివాడు కొంత నష్టపోతాడు, ఒప్పుకుందాం. కానీ పోయిందన్న బాధ బొమ్మ కాదు, ఒక తెలివిడి. అది అతనికీ ఉంటుంది. ఇక 'శివతాండవం' సంగతి చూడండి. శివుడు కళ్ళముందు ఆడుతున్నాడని రాసేస్తాం. బిగ్గరగా చదివేవారికి తెలుసు, ఆడుతున్నది తమ నాలుకేనని. ఆ లయను వదిలేసి దృశ్యాన్ని పొగిడే విమర్శ ఆ కవి విద్యలో సగాన్ని విననేలేదు.

విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' (1956) దగ్గర ఈ అలవాటు మరింత చెరుపు చేస్తుంది. రంగడి ఆకలిని, గంగమ్మ ఆకలిని కళ్ళకు కట్టించాడంటే విశ్వం పనిని తగ్గించినట్టే. ఆకలి కంటికి కనిపించేది కాదు. నీళ్ళులేని ఏటి పక్కన ఒక సంసారం ఎలా చితికిపోతుందో, ఆ క్రమమే ఆ కావ్యానికి ప్రాణం. ఎండిన పెన్న ఇసుక క్యాలెండరు మీద కూడా అందంగానే ఉంటుంది! దృశ్యం మీద మోజు పెరిగినకొద్దీ కరువుకు కారణం అడిగే అవసరం తగ్గుతుంది. అభ్యుదయ కవిత్వాన్ని సమీక్షించేవారు కూడా ఈ మోజు నుంచి తప్పించుకోలేదు.

ఆనందవర్ధనుడు ధ్వని గురించి చెప్పినప్పుడు లోపలి తెరను షరతుగా పెట్టలేదు. ఆ షరతు మనం పెట్టుకున్నది. ప్రశ్నపత్రం తయారుచేసే ఉపాధ్యాయులు "ఈ పద్యం చదివితే మీ మనసులో ఏ దృశ్యం మెదిలింది?" అని అడగడం మానుకుని, "ఇందులో మీకు ఏది తగిలింది? ఏ మాట వల్ల తగిలింది?" అని ఒకసారి అడిగి చూడండి. తెర ఉన్నవాళ్ళు బొమ్మ గురించే రాస్తారు, రాయనివ్వండి. బెంచీ ఎక్కినవాడు ఏం రాస్తాడో కూడా చదవండి.