క్షణనిశ్చయం - దీర్ఘయత్నం

వీరరసానికి స్థాయీభావం ఉత్సాహమని భరతుడు మొదలుకొని ఆలంకారికులు అంగీకరించినారు. ఆ ఉత్సాహం దానంలో, ధర్మంలో, యుద్ధంలో, దయలో ప్రకటితమయ్యే తీరును బట్టి వీరుడు నాలుగు విధాలని సాహిత్యదర్పణకారుడు విభజించినాడు. ఈ నలుగురిలో ఎవరి సరసనా చేరని నాయకుడొకడు గడచిన యాభై ఏండ్లలో ప్రపంచ వచన సాహిత్యంలో ప్రవేశించినాడు. అతడు ఎవరికీ ఏమీ ఇవ్వడు, ఎవరినీ సంహరించడు, ఎవరినీ రక్షించడు. కొండలు, అడవులు, లోయలు దాటుతూ పగలూ రాత్రీ పరుగెత్తుతాడు. అతని ప్రతినాయకుడు అతని దేహమే.

మారథాన్ పరుగు 42.195 కిలోమీటర్లు. అంతకు మించిన దూరమేదైనా అల్ట్రామారథాన్. ఏబది కిలోమీటర్లు, నూరు కిలోమీటర్లు, నూరు మైళ్లు ఇందులో ప్రసిద్ధమైన దూరాలు. వీటిలో చాలా పందేలు రాజమార్గాలను విడిచి కాలిబాటల మీద, కొండదారుల మీద సాగుతవి. ఈ పరుగులను గురించి పుట్టిన స్వీయవృత్తాంతాలకు, జనశ్రుతులకు ఇప్పుడొక కవిసమయం కూడా ఏర్పడినది. చకోరం వెన్నెల తాగినట్లే, ఈ కథలలో నాయకుడు తృటిలో నిశ్చయించుకుంటాడు. నిన్నటి దాకా సామాన్యుడు. ఈ రాత్రి లేచి పరుగు మొదలుపెడతాడు. ఈ కవిసమయంలో సత్యమెంత, అలంకారమెంత అన్నది రచయితలు విచారించదగిన ప్రశ్న.

ఈ సమయానికి ఆధునిక కాలంలో ఎక్కువ ప్రచారం తెచ్చిన గ్రంథం అమెరికా ధావకుడు డీన్ కర్నాజిస్ రచించిన 'అల్ట్రామారథాన్ మ్యాన్'. ఇది 2005లో వెలువడినది. 1992లో తన ముప్పదవ జన్మదినపు రాత్రి రచయిత శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో ఒక పానశాలలో ఉన్నాడు. ఉద్యోగమున్నది, సంపాదన ఉన్నది. బ్రతుకులో పస లేదు. ఉన్నట్టుండి బయటకు వచ్చి, పాత బూట్లతో, లోదుస్తులతో దక్షిణంగా పరుగు తీసినాడు. తెల్లవారేసరికి ముప్పది మైళ్లు దాటి హాఫ్ మూన్ బే చేరినాడు. ఈ ఘట్టం చదివినవాడు మరచిపోలేడు. వాక్యాలు పొట్టివి, వేగం కలవి, పరిహాసం చిలికేవి. కథారంభానికి కావలసిన ఆకర్షణ అంతా అందులో ఉన్నది.

అయితే అదే గ్రంథం మరి రెండు సంగతులు చెబుతున్నది. బాల్యంలో, పాఠశాలలో అతడు మంచి ధావకుడు. సుమారు పదిహేనేండ్ల క్రితం పరుగు మానినవాడు. ఆ రాత్రి తరువాత నూరు మైళ్ల కొండదారి పందెంలో దిగడానికి 1994 దాకా సాధన చేసినాడు. అంటే ఆ రాత్రికి ముందు ఒక పూర్వాభ్యాసం, వెనుక ఒక దీర్ఘసాధన ఉన్నవి. రచయిత వీటిని దాచలేదు. కాని గ్రంథపు వెలుగంతా ఆ ఒక్క రాత్రి మీద పడినందువల్ల పాఠకుని స్మృతిలో మిగిలేది పానశాల తలుపు మాత్రమే. గ్రంథంలో ఉన్న విషయానికీ, గ్రంథం మిగిల్చే ముద్రకూ దూరం ఏర్పడినప్పుడు దానికి పాఠకుణ్ణి మాత్రమే బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. ప్రాధాన్యాన్ని నిర్ణయించేది కథనమే.

జనశ్రుతి కూడా ఇదే మార్గాన నడిచినది. కాలిఫోర్నియాలోని సియర్రా నెవాడా పర్వతాలలో ఒక్క రోజులో నూరు మైళ్లు దాటవలసిన గుర్రపు పందెం ఒకటి ఉన్నది. 1974లో గోర్డీ ఏన్స్‌లీ గుర్రం లేకుండా ఆ గుర్రాలతో పాటు పరుగెత్తి 23 గంటల 42 నిమిషాలలో గమ్యం చేరినాడు. ఈనాటి వెస్టర్న్ స్టేట్స్ పందెానికి మూలం ఆ పరుగే. గుర్రం కుంటుపడినది, మనిషి లేచి పరుగెత్తినాడు అని కథ ప్రచారంలో ఉన్నది. వాస్తవంలో గుర్రం కుంటుపడినది 1973లో. పరుగు మరుసటి సంవత్సరం. 1971, 1972లలో అతడు అదే దారిని గుర్రం మీద పూర్తి చేసినవాడు. దారిలోని ప్రతి ఎత్తూ పల్లమూ అతనికి ఎరుకే. పైగా 1972లోనే కొందరు సైనికులు ఆ దారిని కాలినడకన ముగించినారు. ఇరవైనాలుగు గంటలలో మాత్రం కాదు. కథ ఆ సైనికులను పక్కకు నెట్టి, రెండు సంవత్సరాలను ఒక క్షణంగా కుదించినది. కుదింపు కథకు సహజమే. ఏది కుదించబడినదో గమనించడం విమర్శకుని పని.

ఇక్కడ నాట్యశాస్త్రం చెప్పిన కార్యావస్థలు ఉపకరిస్తవి. ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని అవి ఐదు. ఇందులో ఆరంభమంటే ఫలం పట్ల ఔత్సుక్యం మాత్రమే. తృటిలో కలిగిన నిశ్చయం ఈ మొదటి అవస్థకు చెందినది. పరుగు వృత్తాంతాలలో అధికభాగం ఆరంభం నుండి ఫలాగమానికి దూకుతవి. నడుమనున్న మూడు అవస్థలు నాలుగు విశేషణాలుగా మారిపోతవి: ఘోరమైన ఎండ, భరించరాని నొప్పి, చెప్పనలవికాని అలసట, లొంగని సంకల్పం.

నిజానికి ఈ పరుగు యావత్తూ ఆ నడిమి అవస్థలలోనే ఉన్నది. ఎక్కుడు కన్న దిగుడు తొడకండరాలను ఎక్కువగా చిదుపుతుంది. చెమటతో పోయిన ఉప్పును పట్టించుకోకుండా నీరు మితిమీరి తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణాపాయం కలుగుతుంది. కడుపు అన్నాన్ని తిరస్కరిస్తుంది. తినకపోతే కాలు కదలదు. పాదాల బొబ్బలు, నిద్రమత్తు, చీకటిలో లేని ఆకారాలు కనబడడం, ఇవన్నీ యత్నమే. వెస్టర్న్ స్టేట్స్ పందెానికి గడువు ముప్పది గంటలు. దారిమధ్య మజిలీలకు కూడా గడువులుంటవి. అవి మీరినవానిని అక్కడే నిలిపివేస్తారు. ఆశా అపాయమూ పెనవేసుకొని ఉండే స్థితి ప్రాప్త్యాశ అని లక్షణకారులు చెప్పిన దానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ దొరకడం అరుదు. ఇంత సామగ్రి చేతిలో ఉండగా విశేషణాలతో సరిపెట్టడం రచయిత నష్టం.

ఈ నష్టం తప్పించుకున్న గ్రంథం జపాను నవలాకారుడు హారుకి మురకామి 2007లో ప్రకటించిన పరుగు స్మృతులు. అందులోనూ ఒక క్షణనిశ్చయం ఉన్నది. అది పరుగును గురించినది కాదు, రచనను గురించినది. 1978 ఏప్రిల్‌లో టోక్యోలో బేస్‌బాల్ ఆట చూస్తూ ఉండగా నవల వ్రాయవచ్చునన్న ఆలోచన అకస్మాత్తుగా కలిగినదని రచయిత చెప్పినాడు. ఆ క్షణాన్ని క్లుప్తంగా ముగించి, తరువాతి సాధనకే గ్రంథంలో ప్రాధాన్యం ఇచ్చినాడు. పరుగు మొదలుపెట్టినది 1982లో. హొక్కైడోలోని సరోమా సరస్సు వద్ద నూరు కిలోమీటర్లు పరుగెత్తినది 1996లో. నడుమ పధ్నాలుగేండ్లు. 11 గంటల 42 నిమిషాల ఆ పరుగు తరువాత కలిగినది విజయగర్వం కాదు, పరుగు మీద ఒకవిధమైన విరక్తి. ఉత్సాహంతో మొదలైనది నిర్వేదం వైపు ఒరిగినది. నిర్వేదం శాంతరసానికి స్థాయి అని మమ్మటుడు అన్నాడు. ఫలాగమం తరువాతి శూన్యాన్ని వ్రాయడానికి సాహసించినందుననే ఈ చిన్న గ్రంథం తక్కిన వాటికన్న పై మెట్టు మీద నిలిచినది.

కల్పనాసాహిత్యంలో అలన్ సిలిటో 1959లో ప్రకటించిన ఆంగ్లకథ 'ది లోన్లీనెస్ ఆఫ్ ది లాంగ్ డిస్టెన్స్ రన్నర్' ఇంకొక దారి చూపినది. దాని నాయకుడు శిక్షాలయంలోని యువకుడు. పందెంలో అందరికన్న ముందుండి కూడా, అధికారులకు ఆ గౌరవం దక్కనీయకుండా గమ్యం ముందు ఆగిపోతాడు. పైకి అది హఠాత్తుగా కనబడే కార్యం. కాని కథ మొదటి నుండీ వేకువజామున ఒంటరిగా తీసిన పరుగులలో ఆ నిశ్చయం పండుతూ వచ్చినది. చేత అకస్మాత్తు, చిత్తం అకస్మాత్తు కాదు. సిలిటో శిల్పరహస్యమిదే.

అట్లయితే క్షణనిశ్చయం అబద్ధమా? కాదు. అనుభవంగా అది సత్యమే. రసశాస్త్రపు మాటలలో చెప్పాలంటే అది ఉద్దీపన విభావం. వెన్నెల శృంగారాన్ని ఉద్దీపింపజేస్తుంది. నాయికానాయకులు లేనిదే వెన్నెల ఒక్కటే శృంగారం కాదు. పరుగు కథలో ఆలంబనం ఏండ్ల తరబడి రూపొందిన దేహం, ఎరిగిన దారి, మోసిన వెలితి. ఉద్దీపనాన్ని ఆలంబనం స్థానంలో కూర్చోబెట్టడమే ఈ కవిసమయంలోని దోషం.

మెక్సికోలోని రారామురీ జనులను గురించి క్రిస్టఫర్ మెక్‌డూగల్ 2009లో వ్రాసిన 'బార్న్ టు రన్' ఈ సందర్భంలో పరీక్షకు నిలుస్తుంది. ఆ జనులకు పరుగు ఒక వ్యక్తి నిశ్చయం కాదు, ఊరి ఆచారం. కొయ్యబంతిని కాలితో తన్నుతూ జట్లు జట్లుగా సుదీర్ఘకాలం పరుగెత్తడం వారి పండుగ. నగరజీవి విసుగులో నుండి పుట్టే హఠాన్నిర్ణయానికి అక్కడ అవసరమే లేదు. గ్రంథం ఈ భేదాన్ని గుర్తించినది. అయినా తుదకు వారి ఆచారాన్ని నగరజీవి సమస్యకు మందుగా మార్చినది. వారి పరుగు వారిదిగా మిగలలేదు.

ఇది కేవలం శిల్పవిచారమని కొందరు అనవచ్చు. 2021 మే 22న చైనాలోని గాన్సూ రాష్ట్రంలో నూరు కిలోమీటర్ల కొండదారి పందెం జరిగినది. ఎత్తైన భాగంలో వడగండ్లు, చలిగాలి, వాన ఒక్కసారిగా విరుచుకుపడినవి. ఇరవై ఒక్కమంది మరణించినారు. వారిలో ఆరితేరిన ధావకులూ ఉన్నారు. గాలిని ఆపే పైచొక్కా ఆ పందెంలో తప్పనిసరి సామగ్రిగా విధించబడలేదు. సంకల్పానికి లొంగనిదేదీ లేదని చెప్పే కథనాలకు ఆ కొండ ఇచ్చిన సమాధానమిది. ఆనాడు ఆ ప్రాంతంలో గొర్రెలు కాచుకుంటూ ఉన్న కాపరి ఒకడు ఆరుగురిని గుహలోకి చేర్చి, మంట వేసి, బ్రతికించినాడు. ఆలంకారికులు చెప్పిన నలుగురు వీరులలో ఒకడు, దయావీరుడు, ఈ పరుగు కథలో చివరకు కనబడినాడు. అతడు పందెంలో పరుగెత్తినవాడు కాకపోవడం గమనార్హం.

తెలుగులో యత్నాన్ని యత్నంగా వ్రాసిన సంప్రదాయం కొత్తది కాదు. 1830 మే నెలలో మద్రాసు నుండి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రాచరిత్ర 1838లో అచ్చయినది. దానిలో బయలుదేరిన క్షణానికి ఆర్భాటం లేదు. ఏ మజిలీలో నీరున్నది, ఏ దారి ఇసుక, ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది అన్నది ఉన్నది. ఆయన పరివారంతో, పల్లకితో సాగిన యాత్రికుడు, ధావకుడు కాడు. అయినా ఆ గ్రంథం నేటికీ నిలవడానికి కారణం దారిని దారిగా చూడడమే. కొండదారి పరుగును వ్రాయబూనే తెలుగు రచయితకు ఆ చూపు అక్కరకు వస్తుంది.

రచనకు కూడా ఈ విచారం వర్తిస్తుంది. కావ్యం ఒక మెరుపులో పుట్టినదని చెప్పుకోవడం కవులకు ఇష్టం. వినడం పాఠకులకు ఇష్టం. ప్రతిభకు తోడు వ్యుత్పత్తి, అభ్యాసం కావాలని శాస్త్రం చెప్పినది ఆ మెరుపును కాదనడానికి కాదు. మెరుపు దారి చూపుతుంది. ఆ దారి నడవవలసినవి కాళ్లు. రచయిత తన కథలో మెరుపుకు ఒక పుట ఇచ్చి కాళ్లకు నూరు పుటలు ఇచ్చిననాడు ఈ కొత్త వీరుడికి కూడా సాహిత్యంలో స్థానం స్థిరపడుతుంది.