పడవ ఒకటే, పూటలు ఆరు

యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో సాయంత్రం నడకకు వెళ్లేవాళ్లకు తెలిసిన సంగతే. అవే చెట్లు, అదే దారి. ఐదింటికి ఒక రంగు, ఆరున్నరకు ఇంకో రంగు. ఈ తేడాను చెక్క మీద పట్టినవాడు జపాన్ చిత్రకారుడు యోషిదా హిరోషి (1876–1950). 1926లో ‘తెరచాప పడవలు’ అచ్చుకు దిమ్మెలు చెక్కించి, రంగులు మారుస్తూ ఉదయం, పొద్దెక్కాక, మధ్యాహ్నం, పొగమంచు, సాయంత్రం, రాత్రి అని ఆరు బొమ్మలు తీశాడు. పడవ అక్కడే ఉంది, పూట మారింది.

ఆయన మనకు మరీ దూరపువాడేమీ కాదు. 1930–31 చలికాలంలో కొడుకు తోషిని వెంటబెట్టుకుని ఇండియా అంతా తిరిగాడు. వెళ్లాక వేసిన అచ్చుల్లో తాజ్‌మహల్, మదురై గుడి, కాంచనగంగతో పాటు అజంతా, ఎల్లోరా కూడా ఉన్నాయి. ఆ రెండూ అప్పట్లో నిజాం రాజ్యంలోవే.

పని ఇలా సాగుతుంది. పల్చటి కాగితం మీద గీసిన బొమ్మను చెర్రీ చెక్కకు బోర్లా అంటించి, గీత మాత్రం మిగిలేలా చుట్టూ చెక్కేస్తారు. దాని నకళ్లు పెట్టుకుని మిగతా రంగుల దిమ్మెలు చేస్తారు. ప్రతి దిమ్మెకూ ‘కెంతో’ అనే గాట్లుంటాయి. కాగితం అంచు వాటికి ఆనితేనే రంగు మీద రంగు కుదురుతుంది. వెంట్రుకవాసి జరిగిందా, కాగితం దండగ. యోషిదా బొమ్మకు సగటున 30 సార్లు అచ్చు పడేది!

పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఇది తలకిందుల వ్యవహారంలా తోస్తుంది. అక్కడ టేకు అచ్చును గుడ్డ మీద పెట్టి చేత్తో కొడతారు. ఇక్కడ చెక్క వెల్లకిలా ఉంటుంది, తడి కాగితమే దాని మీదికొస్తుంది. వెదురు పొర చుట్టిన ‘బారెన్’ అనే గుండ్రటి బిళ్లతో వెనకనుంచి రుద్దుతారు.

నన్ను కట్టిపడేసేది మాత్రం ‘బొకాషి’. చెక్కను తడిపి, బ్రష్షుకు ఒక పక్కనే రంగద్ది లాగుతారు. ఆకాశం పైన చిక్కటి నీలం, కిందికొచ్చేసరికి ఉత్త నీళ్లు. ఆ పలచబడడం చెక్కలో చెక్కింది కాదు, ప్రతి కాగితానికీ మళ్లీ మొదటినుంచి చేత్తో తేవలసిందే. అందుకే ఏ రెండు ప్రతులూ అచ్చంగా ఒకటి కావు.

ఇలాంటి అచ్చులకు ‘షిన్ హంగా’, అంటే కొత్త అచ్చులు, అని పేరు. వాటిని నిలబెట్టింది వతనాబె షోజబురో అనే ప్రచురణకర్త. కొన్నవాళ్లలో అమెరికావాళ్లే ఎక్కువ కాబట్టి ఇది పరాయివాళ్లకు అమ్మిన పాత జపాన్ అని కొందరి ఎత్తిపొడుపు. కొంత నిజమే. కానీ ఈ కోవ చిత్రకారుడే అయిన కవాసె హాసుయి మంచు బొమ్మ ముందు నిలబడితే ఆ మాట గుర్తుకు రాదు. వానకు, మంచుకు హాసుయి, వెలుగుకు యోషిదా. నా లెక్క ఇంతే.

1923లో జపాన్‌లో వచ్చిన భూకంపం తర్వాతి మంటల్లో వతనాబె దుకాణం, అందులోని యోషిదా దిమ్మెలు కాలిపోయాయి. 1925లో యోషిదా సొంత పనిశాల పెట్టుకున్నాడు. చెక్కేవాళ్లూ అచ్చువేసేవాళ్లూ ఆయన కళ్లెదుటే పనిచేసేవారు. తన పర్యవేక్షణలో తయారైనదాని అంచున ‘జిజురి’, అంటే స్వయంగా అచ్చువేసినది, అనే ముద్ర ఉండేది. ఆ కాలపు యోషిదా అచ్చు అంటూ ఎవరైనా అమ్మజూపితే బేరానికి ముందు ఆ అంచు చూడండి.