నోటీసు పలక మీద మూడు చీటీలు

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో గిల్డు కాంట్రాక్టు అంటే కల్పిత లోకంలోని ఒక సంఘం ఆటగాళ్ల పాత్రలకు అప్పజెప్పే పని. పని ఇచ్చేదెవరు, చేయాల్సిందేమిటి, వెళ్లాల్సిందెక్కడికి, చేతికి ముట్టేదెంత అనే నాలుగు ముక్కలు అందులో ఉంటాయి. బౌంటీ కూడా ఈ కోవలోదే. ఫలానా మృగం తలకో, ఫలానా బందిపోటు తలకో వెల కట్టి చాటింపు వేయించడమే బౌంటీ.

ఈ ఆటలకు గళ్ల బోర్డు తప్పనిసరి కాదు. ఒకరు గేమ్ మాస్టర్‌గా కూర్చుని లోకాన్ని వర్ణిస్తారు. మిగతావారు తలా ఒక పాత్ర తరఫున ఏం చేస్తామో చెబుతారు. ఫలితం తేలని చోట పాచికలు వేస్తారు. ఒక పూట ఆట ఒక సెషన్. ఒకే లోకంలో నెలలూ ఏళ్లూ సాగే సెషన్ల వరసకు క్యాంపెయిన్ అని పేరు. మామూలు క్యాంపెయిన్‌లో మొదటి రోజు కూర్చున్న ఐదుగురే చివరిదాకా ఉంటారు. ఉమ్మడి క్యాంపెయిన్‌లో అలా కుదరదు. ఇరవై మంది ఆటగాళ్లుంటే ఈ ఆదివారం నలుగురు వస్తారు, వచ్చే ఆదివారం వేరే ఆరుగురు వస్తారు. గేమ్ మాస్టర్లు కూడా ఇద్దరు ముగ్గురు ఉండవచ్చు. ఇలాంటి చోట ఒకటే పెద్ద కథ నడపబోతే మూడో వారానికే ముడి పడుతుంది. రహస్యం తెలిసిన పాత్ర గుహలో ఉంటుంది, దాన్ని ఆడించే మనిషి పెళ్లికి వెళ్లి ఉంటాడు. కాంట్రాక్టు ఈ చిక్కు విప్పుతుంది. పని ఊళ్లో మొదలై, ఒక పూటలో ముగిసి, పాత్రలు మళ్లీ ఊరు చేరతాయి. కాశీమజిలీ కథల్లో ఒక్కో కథ పూర్తవుతూ, ప్రయాణం మాత్రం సాగుతూనే ఉన్నట్టు, ఇక్కడ ప్రతి కాంట్రాక్టుకూ ఒక కథ ముగుస్తుంది, లోకం ముందుకు సాగుతుంది.

ఉమ్మడి ఆట కొత్త పోకడ అనుకోవడం పొరపాటు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాయగా 1974లో అచ్చయిన తొలి ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ నియమాలే ఒక క్యాంపెయిన్‌లో నలుగురి నుంచి యాభై మంది దాకా ఆడవచ్చని, ఇరవై మందికి ఒక రిఫరీ (గేమ్ మాస్టర్‌కు అప్పటి పేరు) చొప్పున ఉంటే బాగుంటుందని చెప్పాయి. ఆ రోజుల్లో పాత్రల అనుభవానికి ప్రధాన కొలత బంగారమే. నేలమాళిగ నుంచి ప్రాణాలతో మోసుకొచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో అనుభవ పాయింటు. రాక్షసులను చంపితే వచ్చే పాయింట్లు దాని ముందు స్వల్పం. అందుకే తెలివైన ఆటగాళ్లు పోరాటాన్ని తప్పించుకుని సొత్తు తెచ్చుకునే దారి వెతికేవారు. ఈ ఆటల్లో కూలి కోసం ప్రాణాలకు తెగించే సాహసి అనే పాత్ర అక్కడే పుట్టింది. గిల్డు కాంట్రాక్టుకు వేరు కూడా అదే.

1979లో వచ్చిన ‘డంజియన్ మాస్టర్స్ గైడ్’లో గైగాక్స్ కాలం లెక్క గురించి గట్టిగా పట్టుబట్టాడు. ఆట జరగని రోజుల్లో బయట ఒక రోజు గడిస్తే లోపల కూడా ఒక రోజు గడిచినట్టు లెక్కించమన్నాడు. పైకి చాదస్తంలా కనిపించే ఈ నియమం లేకపోతే కాంట్రాక్టు గడువుకు అర్థమే ఉండదు. ఒక జట్టు గాయాలు మానడానికి రెండు వారాలు సత్రంలో పడి ఉంటే, ఆ రెండు వారాల్లో మరో జట్టు వచ్చి ఊరి నోటీసు పలక మీద ఆ పని రాసి ఉన్న చీటీని చింపుకుపోవచ్చు. తొందర, పోటీ, ‘మనం వెళ్లకపోతే వాళ్లు వెళ్తారు’ అన్న ఆరాటం అన్నీ ఈ క్యాలెండరు వల్లే వస్తాయి. క్యాలెండరు నడపని ఉమ్మడి క్యాంపెయిన్‌లో పలక మీది పని దుకాణంలో సరుకులా ఎన్నాళ్లయినా అక్కడే పడి ఉంటుంది.

ఈ పద్ధతిని మన కాలానికి కొత్తగా మలిచినవాడు అమెరికన్ గేమ్ మాస్టర్ బెన్ రాబిన్స్. ‘వెస్ట్ మార్చెస్’ పేరుతో తాను నడిపిన క్యాంపెయిన్ గురించి 2007లో రాశాడు. దానికి నిర్ణీత సమయం లేదు, నిర్ణీత జట్టు లేదు, ముందే అల్లిన కథ లేదు. పది మందికి పైగా ఉన్న ఆటగాళ్లు తమలో తాము మాట్లాడుకుని, ఎప్పుడు ఆడాలో, ఎటు వెళ్లాలో ముందే గేమ్ మాస్టర్‌కు చెప్పేవారు. ఊళ్లో క్షేమం, ప్రమాదమంతా ఊరి బయటే. ఇందులో అసలు మార్పు చొరవ చేతులు మారడం. ఎక్కడికి వెళ్లాలో గేమ్ మాస్టర్ చెప్పడు, ఆటగాళ్లే తేల్చుకుంటారు. తర్వాత ఈ నమూనాను అందుకున్న చాలా బృందాలు దానికి గిల్డును, నోటీసు పలకను జోడించాయి. ఏం చేయాలో తోచక చూసే కొత్త ఆటగాళ్లకు పలక మంచి ఊతం.

ఊళ్లూ దేశాలూ దాటి పెరిగిన ఉమ్మడి క్యాంపెయిన్లు మరో దారి పట్టాయి. 2000 నుంచి 2008 దాకా నడిచిన ‘లివింగ్ గ్రేహాక్’లో కల్పిత రాజ్యాలను అసలు దేశాలకు, ప్రాంతాలకు పంచారు. ఒక ప్రాంతంవారు తమ రాజ్యం సంగతులు తామే రాసుకునేవారు. పాత్రకు ఏడాదికి 52 కాలపు యూనిట్లు ఇచ్చి, ఒక్కో సాహసానికి కొన్ని చొప్పున కోసేవారు. 2008లో పైజో సంస్థ ప్రారంభించిన ‘పాత్‌ఫైండర్ సొసైటీ’లో పాత్రలన్నీ ఒకే అన్వేషకుల సంఘంలో సభ్యులు. వెంచర్ కెప్టెన్ అనే అధికారి పిలిచి పని వివరిస్తాడు, అక్కడి నుంచి ఆట మొదలవుతుంది. తొలి సీజన్లలో ఒక చక్కని మెలిక ఉండేది. అందరికీ కలిపి చెప్పిన పని ఒకటైతే, సంఘంలోని ఒక్కో వర్గానికి చెందిన పాత్రకు దాని పెద్దల నుంచి వేరే రహస్య పని అందేది. ఒకే బల్ల చుట్టూ ఒకే జట్టుగా కూర్చున్నవారు ఒకరి కంట పడకుండా మరొకరు చిన్నచిన్న పనులు చక్కబెట్టుకోవడం ఆటకు ఎంతో రుచి తెచ్చింది. ముందెన్నడూ ముఖం చూడని ఆరుగురు నాలుగు గంటల్లో ఒక జట్టుగా పనిచేయగలిగారంటే ఆ సంఘం, ఆ పిలుపు ముందే సిద్ధంగా ఉండటమే కారణం.

జపాన్‌లో ఇదే ఆలోచన మరో రూపం తొడుక్కుంది. 1986లో ‘కంప్టిక్’ పత్రికలో ఆట సెషన్ల కథనంగా మొదలైన ‘రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్’ తర్వాత నవలలుగా, యానిమేగా విస్తరించింది. 1989లో వచ్చిన ‘స్వోర్డ్ వరల్డ్’ ఆటలో సాహసులకు పని కుదిర్చే సత్రం లోకంలో స్థిరమైన భాగమైంది. శ్రేణులు, బిళ్లలు, గుమాస్తాలు ఉన్న సాహసుల గిల్డు ఈనాటి యానిమేల్లో ఇంత మామూలు కావడం వెనక ఈ వారసత్వం ఉంది.

చీటీ రాయడంలోని నేర్పు చూడాలంటే 2019లో వచ్చిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ సాహసం ‘డ్రాగన్ ఆఫ్ ఐస్‌స్పైర్ పీక్’ మంచి పాఠం. ఫాండలిన్ అనే చిన్న ఊరు. పట్టణాధికారి హార్బిన్ వెస్టర్ డ్రాగన్ భయంతో తలుపు మూసుకుని లోపలి నుంచే మాట్లాడతాడు. బయట పలక మీద మొదట మూడు చీటీలు. పాత కట్టడం తవ్వుతున్న మరుగుజ్జు జాతివారిని డ్రాగన్ గురించి హెచ్చరించాలి. గ్నోమ్ అనే జాతివారి గుహకు వెళ్లి డ్రాగన్‌ను ఎదుర్కోవడానికి పనికొచ్చే మాయావస్తువు ఏమైనా దొరుకుతుందేమో చూడాలి. గుట్ట మీద గాలిమరలో ఒంటరిగా ఉంటున్న మంత్రసానిని ఊళ్లోకి రమ్మని ఒప్పించాలి. మూడూ డ్రాగన్ చుట్టూ తిరిగేవే, అయినా డ్రాగన్‌ను చంపమని ఒక్కటీ అడగదు. మొదటి లెవెల్ పాత్రలకు అది శక్తికి మించిన పని. అయితే దాని నీడ మాత్రం ప్రతి చోటా కనిపిస్తుంది. గాలిమర దగ్గరికి వెళ్తే మంత్రసాని మీద మాంటికోర్ అనే మృగం దాడి చేస్తూ ఉంటుంది. అది కొండల నుంచి దిగి రావడానికి కారణం డ్రాగన్ దాన్ని తరిమేయడమే. తర్వాతి చీటీల్లో ఎదురయ్యే ఓర్క్ జాతివారు కూడా డ్రాగన్ వల్ల గూడు చెదిరినవారే. మూడింట్లో రెండు పూర్తి చేస్తే పలక మీదికి కొత్త చీటీలు వస్తాయి.

ఇందులో నేర్చుకోదగ్గవి ముఖ్యంగా రెండు. చీటీ అబద్ధం చెప్పలేదు, అన్నీ చెప్పనూ లేదు. ‘మంత్రసానిని తీసుకురండి’ అన్నది నిజం, మాంటికోర్ సంగతి రాసినవాడికే తెలియదు. ఈ తెలియనితనం న్యాయమైనది కాబట్టి ఆటగాళ్లు మోసపోయామని అనుకోరు. రెండోది ఎంపిక. ఒకే చీటీ అయితే అది ఆజ్ఞ. పది చీటీలైతే ఆ పూటంతా వాదనకే సరిపోతుంది. మూడు నాలుగు ఉంటే ప్రమాదాన్ని, కూలిని, దూరాన్ని పోల్చుకుంటూ జట్టు నిజంగా తర్కించుకుంటుంది. ఆట చాలాసార్లు ఆ తర్కంలోనే పుడుతుంది.

పని వెనక ఉన్న నిజాన్ని దాచడంలో 1980లో ‘ట్రావెలర్’ అనే అంతరిక్ష ఆటకు వచ్చిన ‘76 పేట్రన్స్’ పుస్తకం గొప్ప ఉపాయం చూపింది. పని ఇచ్చే ఒక్కో వ్యక్తికీ ఆటగాళ్లకు వినిపించే మాట ఒకటే, దాని వెనక సంగతులు మాత్రం పలు రకాలు. ఏది నిజమో రిఫరీ పాచిక వేసి తేల్చుకోవచ్చు, తానే ఎంచుకోవచ్చు. పుస్తకం చదివిన ఆటగాడికి కూడా ఈసారి సంగతేమిటో తెలియదు. నలుగురు గేమ్ మాస్టర్లు ఒకే చీటీల కట్టను పంచుకునే క్యాంపెయిన్‌కు ఇంతకన్నా ఉపయోగపడే పద్ధతి అరుదు.

బౌంటీ రాసేటప్పుడు రుజువు మీద శ్రద్ధ పెట్టాలి. ‘గోబ్లిన్లను చంపినవారికి తలకు ఐదు నాణేలు’ అంటే ఆటగాళ్లు చెవుల సంచితో వస్తారు, ఆ చెవులు ఎవరివన్న ప్రశ్న లేస్తుంది. రుజువుగా నాయకుడి ముద్ర ఉంగరం అడిగితే అదే పని దొంగతనంగా మారుతుంది. ‘ప్రాణాలతో తెస్తే రెట్టింపు’ అన్న ఒక్క ముక్కతో పోరాటం స్వరూపమే మారిపోతుంది. పట్టుబడ్డవాడిని మూడు రోజులు అడవి దారిలో నడిపించుకుని రావాలి, వాడు నోరు విప్పి తన వైపు కథ చెబుతాడు, జట్టులో ఒకరు కరుగుతారు. తలకు వెల కట్టిన మనిషికి కూడా మాట్లాడే అవకాశం ఇచ్చే బౌంటీయే ఆటగాళ్లకు ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

కూలి విషయంలో గేమ్ మాస్టర్లు తరచూ పొరబడతారు. సంచులకొద్దీ బంగారం పోస్తే నాలుగో కాంట్రాక్టుకల్లా ఆశ చచ్చిపోతుంది. డబ్బు కొంచెమే ఇచ్చి, మిగతాది ఊళ్లో పలుకుబడిగా, గిల్డు శ్రేణిగా, కమ్మరి చేసే మేలుగా, మూసి ఉన్న గ్రంథాలయంలోకి ప్రవేశంగా ఇస్తే ఆ కూలి లోకంతో బంధం పెంచుతుంది. ఇంకో అలవాటు మరీ చెడ్డది, పని ఇచ్చినవాడే చివర్లో ద్రోహం చేయడం. ఒకసారి చేస్తే కథ. ప్రతిసారీ చేస్తే ఆటగాళ్లు ఎవరినీ నమ్మరు, ప్రతి షరతు మీదా గంటసేపు బేరమాడతారు, పని ఇచ్చినవాడినే ముందుగా కట్టి పడేస్తారు. ఉమ్మడి క్యాంపెయిన్‌లో ఈ నష్టం ఒక్క బల్లతో ఆగదు. ఒక గేమ్ మాస్టర్ పోగొట్టిన నమ్మకాన్ని మరో గేమ్ మాస్టర్ తిరిగి సంపాదించుకోవాలి.

పని ముగిశాక జట్టు నివేదిక రాయాలి. ఏ దారిన వెళ్లారు, ఏం చూశారు, దేన్ని వదిలేసి వచ్చారు అన్నది పది వాక్యాల్లో పెట్టినా చాలు. ‘గుహ మూడో గదిలో తాళం వేసిన ఇనుప తలుపు ఉంది, తెరవలేకపోయాం’ అన్న ఒక్క వాక్యం వచ్చే వారం మరో ఐదుగురిని అక్కడికి నడిపిస్తుంది. ఎవరూ తీసుకోని చీటీలను కూడా గేమ్ మాస్టర్ వదిలేయకూడదు. గడువు దాటిన చీటీని పలక నుంచి తీసేసి, దాని పర్యవసానాన్ని లోకంలోకి దించాలి. తోడేళ్ల మంద నుంచి పొలాలను కాపాడమన్న చీటీని నెలరోజులు ఎవరూ ముట్టకపోతే, ఆ పల్లె ఖాళీ అవుతుంది, ఊళ్లో రొట్టె ధర పెరుగుతుంది, పలక మీద కొత్త చీటీ పడుతుంది. ఈసారి పని తోడేళ్లను తరమడం కాదు, వలస వచ్చిన కుటుంబాలను కొండ దాటించడం.