చత్వారం వచ్చిన కెప్టెన్

1982 జూన్‌లో విడుదలైన 'స్టార్ ట్రెక్ 2: ది రాత్ ఆఫ్ ఖాన్'లో కథ మొదలైన కాసేపటికే హీరో పుట్టినరోజు వస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో సముద్రం కనిపించే ఇల్లు, చుట్టూ పాతకాలపు వస్తువులు. స్నేహితుడు డాక్టర్ మెకాయ్ చిన్న కానుక తెచ్చి చేతిలో పెడతాడు. విప్పి చూస్తే చత్వారం కళ్లజోడు! ఇరవైమూడో శతాబ్దంలో చత్వారానికి మందు ఉంది, కానీ అది ఈయన ఒంటికి పడదు. నక్షత్రాలన్నీ చుట్టొచ్చిన జేమ్స్ కిర్క్ ఇప్పుడు అడ్మిరల్. ఓడ నడిపే కుర్చీ పోయి పదవి మాత్రం మిగిలింది.

వీరుణ్ణి నడివయసులో చూపించాలంటే చెంపల దగ్గర కాస్త తెల్లరంగు వేసి, మెట్లెక్కేటప్పుడు ఆయాసపడేలా చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఈ సినిమా పట్టుకున్న పద్ధతి వేరు. నాకు తెలిసినంతలో సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో ఈ పనిని ఇంత లోతుగా చేసింది మరొకటి లేదు.

కిర్క్ టీవీ సీరియల్లో పుట్టినవాడు. 1966 నుంచి 1969 దాకా అమెరికాలో ఎన్‌బీసీ చానెల్‌లో 79 ఎపిసోడ్లు వచ్చాయి. మొదలైనప్పుడు ఆ పాత్ర వేసిన విలియమ్ షాట్నర్‌కు 35 ఏళ్లు. వారం వారం ఒక కొత్త గ్రహం, ఒక కొత్త ఆపద, తరచుగా ఒక కొత్త ప్రేమ. గంట తిరిగేసరికి అంతా చక్కబడేది. పై వారానికి ఆ గ్రహం ఊసుండదు, ఆ అమ్మాయి ఊసుండదు. ఆనాటి టీవీకి అది సౌకర్యం. ఏ ఎపిసోడ్ ముందు చూసినా, ఏది వెనక చూసినా కథ అర్థం కావాలి కదా.

నిర్మాత హార్వ్ బెనెట్, దర్శకుడు నికొలస్ మేయర్ ఆ సౌకర్యాన్నే హీరో తప్పుగా మార్చేశారు. బెనెట్ పాత ఎపిసోడ్లన్నీ కూర్చుని చూశాడు. 1967 ఫిబ్రవరిలో వచ్చిన 'స్పేస్ సీడ్' దగ్గర ఆగాడు. అందులో ఖాన్ అనే నియంతను ఓడించిన కిర్క్, విచారణ లేకుండా, అనుచరులతో సహా మనుషుల్లేని ఒక గ్రహం మీద వదిలేస్తాడు. ఇవాళ నాటిన ఈ విత్తనం నూరేళ్లకు ఏమవుతుందో వచ్చి చూస్తే బాగుంటుందని కిర్క్ ఆప్తమిత్రుడు, సహాధికారి స్పాక్ అంటాడు. ఎపిసోడ్ అయిపోయింది. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. సినిమాకొచ్చేసరికి పక్క గ్రహం పేలిపోయి ఆ నేలంతా ఇసుక ఎడారి అయింది. ఖాన్ భార్య చనిపోయింది. ఇన్నేళ్లలో కిర్క్ ఒక్కసారీ వాళ్ల బాగోగులు విచారించలేదు. ఖాన్ తీర్చుకునే పగ క్రూరమైనదే, కానీ ఆ కోపంలో న్యాయముంది.

కొడుకు సంగతీ అంతే. ఆ బిడ్డ తల్లి కెరొల్ మార్కస్ దూరంగా ఉండమంది, కిర్క్ దూరంగా ఉండిపోయాడు. వారానికో ప్రేమగా నడిచిన ఆ జీవితంలోంచి ఇప్పుడు ఎదిగిన కొడుకు డేవిడ్ బయటికొస్తాడు. తండ్రని తెలియక కత్తి పట్టుకుని మీదపడతాడు. నడివయసంటే ఈ సినిమా దృష్టిలో వెనక వదిలేసినవన్నీ తిరిగి ఎదురొచ్చే కాలం. ముడతలు, మోకాళ్ల నొప్పులు దాని తర్వాతే.

కళ్లజోడును ఏ నవ్వు కోసమో పెట్టి ఉంటే అక్కడితో సరిపోయేది. మేయర్ దాన్ని యుద్ధం మధ్యలోకి తెచ్చాడు. ఎదుటి ఓడ పలకకపోతే రక్షణ కవచాలు ఎత్తాలన్న నిబంధనను కుర్ర అధికారి సావిక్ గుర్తుచేయబోతుంది. కిర్క్ పట్టించుకోడు. ఆ ఓడలో ఉన్న ఖాన్ దెబ్బతీస్తాడు. కిర్క్ ఓడలో ఉన్నది శిక్షణలో ఉన్న పిల్లలు. లొంగిపొమ్మని ఖాన్ ఇచ్చిన ఆ కొద్ది క్షణాల గడువులో, శత్రువు కవచాలను దూరం నుంచే దించే సంకేతాన్ని చదవాలి. అంకెలు ఆనవు. అడ్మిరల్ జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంటాడు. గెలుస్తాడు. దెబ్బతిన్న కుర్రాడొకడు రక్తం నిండిన చేత్తో ఆయన కోటు పట్టుకుని ప్రాణం వదులుతాడు. ఆ మరక కోటు మీద ఉండిపోతుంది. కిర్క్ ఆ గెలుపును గొప్పగా చెప్పుకోడు. నిబంధనలు గుర్తుచేస్తూనే ఉండమని సావిక్‌తో అంటాడు.

పాత సీరియల్లో చొక్కా చిరిగేదాకా కలబడిన కిర్క్, ఇక్కడ ఖాన్‌ను ముఖాముఖి కలుసుకోనే కలుసుకోడు. ఇద్దరూ తెర మీద మాట్లాడుకుంటారు, ఓడలతో పోరాడతారు. వాళ్ల సన్నివేశాలు వేర్వేరుగా తీసినవే. వయసును దాచడానికి ఒక్క పెనుగులాట కూడా పెట్టని ఈ సంయమనం నాకెంతో ఇష్టం. తెర మీద మన హీరోల వయసు కూడా ఏళ్లతరబడి ఒకేచోట ఆగిపోతుంది. అందుకే ఈ సినిమా తెలుగు ప్రేక్షకుడికి ఇంకాస్త కొత్తగా తోస్తుంది.

నటన విషయంలో మేయర్ వాడిన కిటుకు ఓపిక. షాట్నర్ మొదటి టేకుల్లో వీరుడిలా నిలబడేవాడు, ఆ ఠీవి అలవాటైనది. మేయర్ మళ్లీ మళ్లీ తీయించేవాడు. నటుడు అలిసి ఠీవి వదిలేశాక వచ్చిన టేకును ఉంచుకునేవాడు. స్పాక్ చనిపోయే ఘట్టంలో అద్దానికి ఇటు కిర్క్ అరచెయ్యి, అటు స్పాక్ అరచెయ్యి. ఎంతసేపూ ఉపాయంతో చావును తప్పించుకున్న కిర్క్ ఇక్కడ కూలబడి కూర్చుంటాడు. చావును తానెప్పుడూ నిజంగా ఎదుర్కోలేదని తర్వాత కొడుకు దగ్గర ఒప్పుకుంటాడు.

1984లో లెనర్డ్ నిమోయ్ తీసిన మూడో సినిమాలో ఒక్క కదలిక చాలు. కొడుకు హత్య వార్త విని, కిర్క్ వెనక్కి అడుగేస్తూ కెప్టెన్ కుర్చీలో కూర్చోబోతాడు. కుర్చీ తప్పుతుంది, నేల మీద పడతాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ కుర్చీని చూస్తున్న ప్రేక్షకులకు వేరే డైలాగు ఎందుకు? 1989 నాటి అయిదో సినిమాను షాట్నరే తీశాడు. అందులో కిర్క్ యోసెమిటీలోని ఎల్ కాపిటన్ కొండను తాడు లేకుండా ఎక్కుతాడు. అంతకుముందు సంపాదించిందంతా అక్కడ జారిపోయిందని నాకనిపిస్తుంది.

1991లో ఆరో సినిమాకు మేయర్ తిరిగొచ్చాడు, పద్ధతిని తిరగేశాడు. రెండో సినిమాలో కిర్క్ లోపం మరచిపోవడం. ఇప్పుడు లోపం మరచిపోలేకపోవడం. కొడుకును చంపిన క్లింగన్లనే గ్రహాంతరవాసులతో సంధి కుదర్చడానికి ఆయన్నే పంపుతారు. వాళ్లను ఎన్నటికీ క్షమించలేనని కిర్క్ తన గదిలో ఒంటరిగా డైరీలో రికార్డు చేస్తాడు. క్లింగన్ నాయకుడి హత్య కేసు మీద పడ్డప్పుడు, కోర్టులో ఆ గొంతునే అందరికీ వినిపించి ఆయనకు జీవితఖైదు వేస్తారు. హత్య ఆయన చేయలేదు, కానీ ఆ మాటలు ఆయనవే.