కాస్మిక్ కిరణముల పుట్టుక - గామాకిరణములు చెప్పిన సాక్ష్యమెంత?

2013 ఫిబ్రవరిలో 'సైన్స్' పత్రికయందు ఒక వ్యాసము వెలువడినది. ఫెర్మి ఉపగ్రహము నాలుగేండ్లు సేకరించిన గామాకిరణముల లెక్కలనుబట్టి, సూపర్‌నోవా శిథిలములలో ప్రోటానులు మహావేగమును పొందుచున్నవని అందు చూపిరి. ఆ వార్తను ప్రకటించుచు నాసా సంస్థ 'ఋజువు' అను మాటనే వాడినది. కాస్మిక్ కిరణముల జన్మస్థానము తేలిపోయినదని నాటినుండి పలువురు వ్రాయుచున్నారు. వ్యాసము చెప్పినది అంత యున్నదా?

1912లో హెస్ బెలూనులో పైకేగి ఈ కిరణములను గుర్తించెను. ఇవి ముఖ్యముగా ప్రోటానులు. విద్యుదావేశము గలవగుటచే పాలపుంతలోని అయస్కాంత క్షేత్రములలో వంకరలు తిరిగి మనలను చేరును. వచ్చిన దిక్కునుబట్టి పుట్టినచోటు చెప్పుట సాధ్యము కాదు. గామాకిరణమునకు ఆవేశము లేదు; తిన్నగా వచ్చును. వేగముగల ప్రోటాను వాయుమేఘమును ఢీకొన్నచో తటస్థ పై-మెసాను పుట్టి, వెంటనే రెండు గామాకిరణములుగా మారును. పాలపుంతనుండి ఇట్టి కిరణములు రావలెనని 1952లోనే జపాను శాస్త్రజ్ఞుడు హయకావా సూచించెను.

అయితే ఎలక్ట్రానులు కూడ గామాకిరణములను పుట్టింపగలవు. కనుక గామాకిరణములు కనబడినంత మాత్రమున ప్రోటానులున్నవనుటకు వీలులేదు. ఇచ్చటనే ఆ వ్యాసము గొప్పతనమున్నది. నిశ్చలముగానున్న పై-మెసాను విరిగినచో ఒక్కొక్క కిరణమునకు 6 కోట్ల 75 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వచ్చును. తత్ఫలితముగా, సుమారు 20 కోట్ల వోల్టులకు దిగువన కిరణముల శక్తి వర్ణపటము చప్పున వాలిపోవలెను. ఎలక్ట్రానుల పనియైనచో ఆ వాలు సహజముగా కానరాదు. మిథునరాశిలోని ఐసీ 443, గరుడ మండలములోని డబ్ల్యూ 44 అను శిథిలములు రెంటను ఆ వాలు స్పష్టముగా కనబడినది. ఈ భాగమును తప్పుపట్టుటకు నాకేమియు తోచలేదు.

నా అభ్యంతరము పాఠకులు వేసిన తరువాతి అడుగును గూర్చి. ఆ వ్యాసములోని అంకెలనే చూడుడు. ప్రోటానుల సంఖ్య ఐసీ 443లో సుమారు 23,900 కోట్ల వోల్టుల వద్దను, డబ్ల్యూ 44లో 2,200 కోట్ల వద్దను మరింత త్వరగా తగ్గనారంభించుచున్నది. పాలపుంతలోనే పుట్టినవని తలచు కాస్మిక్ కిరణములో, సుమారు 30 కోటి కోట్ల వోల్టుల వరకు పోవుచున్నవి! మొదటిదానికిది 12,000 రెట్లు, రెండవదానికి లక్ష రెట్లకు పైమాట. పైగా ఇవి రెండును ముసలి శిథిలములు, దట్టమైన మేఘములను తాకినవి. ఆ మేఘములలో మునుపే తిరుగుచున్న ప్రోటానులను అవి మరల తరుముచున్నవేగాని కొత్తగా తయారు చేయుటలేదని వాదించువారును కలరు.

పేలుడు శక్తిలో పదవవంతు చాలునను పాత లెక్క సూపర్‌నోవాలకు అనుకూలమే. కాని అది లెక్క మాత్రమే. చైనాలో 4,410 మీటర్ల ఎత్తుననున్న లాసో వేధశాల, కోటి కోట్ల వోల్టులకు మించిన గామాకిరణములు 12 చోట్లనుండి వచ్చుచున్నవని 2021లో ప్రకటించినది. వానిలో అన్నిటికంటె శక్తివంతమైన కిరణము హంస మండలమునుండి వచ్చినది. ఆ దిక్కున ప్రోటానులను తరుముచున్నది బహుశః పెద్ద యువ నక్షత్రముల గుంపేయని ఆ బృందము 2024లో అభిప్రాయపడినది.