రిహార్సలే పెట్టుబడి

నలుగురు స్నేహితులు కలిసి సినిమా తీద్దామనుకోగానే మొదట వచ్చే మాట కెమెరా గురించి, రెండోది డబ్బు గురించి. చిన్న సినిమాల చరిత్ర చూస్తే ఈ రెండింటికీ మనం ఇచ్చే ప్రాముఖ్యం కాస్త ఎక్కువేననిపిస్తుంది. 1998లో వచ్చిన ‘హైదరాబాద్ బ్లూస్’ను నగేశ్ కుకునూర్ 17 లక్షల రూపాయలతో 17 రోజుల్లో తీశారు. అదే ఏడాది బయటికొచ్చిన క్రిస్టఫర్ నోలన్ తొలి సినిమా ‘ఫాలోయింగ్’కు అయిన ఖర్చు సుమారు 6 వేల డాలర్లు, పట్టిన కాలం ఏడాదిపాటు శనివారాలు. పైకి ఈ రెండింటికీ పొంతన లేదు. లోపలి లెక్క మాత్రం ఒకటే. పెద్ద సినిమా డబ్బు పోసి కొనేదాన్ని చిన్న సినిమా కాలం పోసి కొనుక్కుంటుంది. ఆ కాలాన్ని కెమెరా ఆన్ చేయకముందు వాడుకున్నారా, ఆన్ చేశాక తగలేశారా అన్నదాన్ని బట్టే అది సినిమాగా నిలబడడమో, హార్డ్ డిస్కులో మూలన పడి ఉండడమో జరుగుతుంది.

‘ఫాలోయింగ్’ బృందంలో అందరికీ వారమంతా ఉద్యోగాలే. పైగా 16 ఎంఎం నలుపు తెలుపు ఫిల్ము కొనడానికే ఉన్న డబ్బంతా చాలేట్టు లేదు. ఒకటి రెండు టేకుల్లో షాటు ఓకే అయిపోవాలి. అందుకే నాటకం వేసేవాళ్లలా సీన్లన్నీ ముందే రిహార్సల్ చేసుకుని, తెలిసినవాళ్ల ఇళ్లలో, ఉన్న వెలుతురులో తీసేశారు. కెమెరా పట్టింది కూడా నోలనే. మరి 17 రోజుల్లో ముగించిన కుకునూర్ కాలం ఎక్కడ ఖర్చు పెట్టినట్టు? అమెరికాలో ఇంజినీరుగా పనిచేస్తూ డబ్బు దాచుకున్న ఏళ్లలో, నటన, దర్శకత్వం నేర్చుకున్న తరగతుల్లో. షూటింగు రోజులు మాత్రమే లెక్కపెడితే ఈ ఏళ్లు కనిపించవు.

కథ రాసుకునే తీరు కూడా ఇక్కడ వేరు. ‘ఎల్ మరియాచి’ (1992) తీసేముందు రాబర్ట్ రోడ్రిగెజ్ చేతిలో ఏముందో చూసుకున్నారు. స్నేహితుడికి మెక్సికో సరిహద్దు ఊళ్లో చుట్టాలున్నారు. బారుంది, బస్సుంది, ఒక కుక్క ఉంది, ఒక తాబేలు కూడా దొరికింది. కథ వాటి చుట్టూ అల్లుకున్నారు. తెచ్చుకున్న కెమెరా చేసే రొదకు షూటింగులో మాటలు రికార్డు చేసే వీల్లేదు. షాటు అయిన వెంటనే నటుల చేత అవే మాటలు మళ్లీ చెప్పించి క్యాసెట్ రికార్డర్‌లో పట్టారు. పెదవుల కదలికకు మాట తప్పినచోటల్లా ఇంకో షాటుకు కట్ చేశారు. ఆ సినిమా జోరును తెగ మెచ్చుకుంటారు గానీ, అందులో కొంత వాటా ఈ అతుకులదే.

చేతిలో ఉన్నవాటితో కథ అల్లుకోవడానికి మన దగ్గర ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) మంచి సాక్ష్యం. విశాఖపట్నంలోని ఆ పేట మనుషులనే పెద్ద సంఖ్యలో తీసుకుని వెంకటేష్ మహా తీసిన సినిమా అది. వాళ్లలో చాలామందికి అంతకుముందు కెమెరా తెలియదు. అలాంటివాళ్లతో చేసేటప్పుడు సింక్ సౌండ్, అంటే షూటింగులోనే మాటలు రికార్డు చేయడం, తప్పదు. తెలుగు సినిమాకు డబ్బింగ్ ఎంత అలవాటైనా, వీధి అరుగు మీద అలవోకగా మాట్లాడిన మనిషిని చీకటి గదిలో మైకు ముందు నిలబెడితే ఆ మాట మళ్లీ రాదు. ఉత్తరాంధ్ర యాసలోని ఆ విరుపును ఇంకొకరి గొంతులో పట్టుకోవడం మరీ కష్టం. నాలుగు వేర్వేరు వయసుల ప్రేమకథలుగా రాసుకోవడంలో ఇంకో సుళువూ ఉంది: ఒక్కో కథకు కొద్దిమంది మనుషులు, నాలుగైదు చోట్లు సరిపోతాయి. (ఆ నాలుగూ చివర ఎలా కలుస్తాయో చూడనివాళ్ల కోసం చెప్పను.)

చిన్న సినిమా బొమ్మలో ఉన్న లోపాన్ని ప్రేక్షకుడు మన్నిస్తాడు, మాట వినపడకపోతే లేచిపోతాడు. ఇంట్లో సీను తీసేటప్పుడు ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఆపిన ఫ్రిజ్‌ను మర్చిపోకుండా సౌండ్ వాళ్లు బండి తాళాలు అందులోనే పెట్టేస్తారు. తాళాలు తీసుకోకుండా ఎవరూ ఇంటికి పోలేరు కదా! సీను అయ్యాక అందరూ అర నిమిషం కదలకుండా నిలబడి ఆ గదిలోని ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటారు. ఎడిటింగులో మాటకూ మాటకూ మధ్య గుంటలు పూడ్చేది అదే. వెలుతురు సంగతి ఇంతకంటే తేలిక. కిటికీలోంచి ఎండ ఏ వేళకు ఎటు పడుతుందో ముందురోజే చూసుకుంటే, ఎదురుగా ఒక తెల్ల థర్మాకోల్ షీటు చాలు. సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ (1956)లో ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్టు పైభాగాన తెల్లగుడ్డ కట్టి, దాని మీద పడి తిరిగొచ్చే మెత్తని వెలుగుతో కాశీ ఇంటి లోగిలిని చూపించారు. అంతకుముందు ‘పథేర్ పాంచాలి’కి వచ్చేనాటికి ఆయన వయసు 21, సినిమా కెమెరా ముట్టి ఎరగరు.

కాలం ఊరికే రాదు కదా అని అడగవచ్చు. ఆ మాట నిజం. ‘పథేర్ పాంచాలి’ షూటింగ్ 1952లో మొదలై, డబ్బుల్లేక ఆగుతూ ఆగుతూ సాగింది; సినిమా 1955లో విడుదలైంది. రెల్లు పొలంలో సీను సగం తీసి తర్వాతి వారం వెళ్లేసరికి పశువులు పూలన్నీ మేసేశాయి. మళ్లీ పూసేదాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా అపు వేషం వేసిన పిల్లవాడి గొంతు మారలేదు, అతని అక్క దుర్గగా వేసిన అమ్మాయి ఎదిగిపోలేదు, ముసలి అత్తగా వేసిన 80 ఏళ్ల చునీబాలా దేవి బతికే ఉన్నారు. ఇవి అద్భుతాలని రాయ్ తర్వాత చెప్పుకున్నారు. అద్భుతాల మీద ఆధారపడడం పద్ధతి కాదు. అందుకే కాలాన్ని రిహార్సల్ దగ్గర ఖర్చు పెట్టాలంటున్నాను, షూటింగు దగ్గర కాదు.

ఇంకో అభ్యంతరం దీనికంటే పదునైనది. స్నేహితుల కాలం మాటేమిటి? స్నేహం పేరుతో చేయించుకునే చాకిరీకి కూలి ఎవరిస్తారు? దీనికి కళ పేరు చెప్పి తప్పించుకోకూడదు. ఎవరి పేరు టైటిల్సులో ఎక్కడ పడుతుందో, డబ్బొస్తే ఎవరి వాటా ఎంతో మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. రాసుకోవడానికి మొహమాటపడే బృందం సినిమా పూర్తయ్యేలోగా విడిపోతుంది.

ఇప్పుడు ఫోన్లోనే తీయొచ్చు, ఈ రిహార్సళ్ల గోల ఎందుకంటారు కొందరు. షాన్ బేకర్ ‘టాంజరీన్’ (2015)ను ఐఫోన్లతో తీసిన మాట నిజమే. కానీ సౌండ్ మాత్రం వృత్తిపరమైన పరికరాలతో పట్టారు. ఫిల్ము ఖరీదైన రోజుల్లో ఆ ఖరీదే క్రమశిక్షణ నేర్పేది. ఇప్పుడు టేకు ఉచితం కావడంతో ఇరవయ్యో టేకు దాకా ఎవరికీ డైలాగు రాదు. ఇక, గెలిచిన నాలుగు పేర్లే చెప్పి ఓడిన వేలమందిని దాచేస్తున్నారన్న విమర్శకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. 7 వేల డాలర్లతో తీసిన ‘ఎల్ మరియాచి’ని థియేటర్లకు సిద్ధం చేయడానికి కొలంబియా సంస్థ అంతకు ఎన్నో రెట్లు ఖర్చు పెట్టింది. ‘కంచరపాలెం’ జనంలోకి వెళ్లడానికి నటుడు రానా, సురేష్ ప్రొడక్షన్స్ సంస్థ అండ కావాల్సి వచ్చింది. స్నేహితులు కలిసి సినిమా తీయగలరు గానీ, థియేటర్ సంపాదించలేరు. ఈ పద్ధతికి ఉన్న అసలు హద్దు ఇదే.

ఆ సంగతి తెలిసీ దిగేవాళ్లకు ఒక్క మనవి. కెమెరా అద్దె మాట్లాడేముందు అందరూ ఒక గదిలో కూర్చుని స్క్రిప్టు మొదటి నుంచి చివరిదాకా చదివి, నిలబడి ఆడి చూసుకోండి. ఉన్న డబ్బులో ఒక్కరికే కూలి ఇవ్వగలిగితే, అది మైకు పట్టుకునే మనిషికి ఇవ్వండి.