తెల్లకణములు సైనికులే అన్న చాలునా?

రక్తములోని తెల్లకణములను దేహమును కాపాడు సైనికులతో పోల్చి చెప్పుట పాఠశాలలలో వాడుక. 1882లో మెస్సీనాలో మెచ్నికోవ్ నక్షత్రచేప డింభకమునకు ముల్లు గుచ్చి, దానిచుట్టు కణములు మూగుటను చూచిన నాటినుండి ఈ పోలికకు బలము చేకూరినది. విద్యార్థికి విషయము చప్పున బోధపడును గనుక పోలిక మంచిదే. కాని దానినే పూర్తిగా నమ్ముకొన్నచో ఎట్టి పొరపాటు జరుగునో గుండె శస్త్రచికిత్స చరిత్ర తెలుపుచున్నది.

1953 మే 6వ తేదీన ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్, గుండె-ఊపిరితిత్తుల యంత్రము సాయముతో ఒక యువతి గుండెలోని రంధ్రమును మూసెను. ఇట్టి చికిత్సలో రక్తము దేహమునుండి యంత్రపు గొట్టములలోనికి వచ్చి, ఆక్సిజను పొంది, తిరిగి దేహమును చేరును. ఆ పరాయి తలమును తాకగానే రక్తములోని కాంప్లిమెంట్ అను ప్రోటీనులు చురుకెక్కి తెల్లకణములను రెచ్చగొట్టును. తెల్లకణములలో సగముకంటె ఎక్కువగా నుండు న్యూట్రోఫిల్‌లు ఊపిరితిత్తులలోని సన్నని రక్తనాళముల గోడలకు అంటుకొని, సూక్ష్మజీవులపై ప్రయోగింపవలసిన ఎంజైములను అచ్చటనే విడుచును. నాళములనుండి నీరు ఊరి ఊపిరితిత్తులలో చేరును. ఆపియుంచిన గుండెకు మరల రక్తము వదలినప్పుడును ఇట్టి నష్టము కలుగును. సూక్ష్మజీవి ఏదియు లేకయే దేహమంతట పుట్టు ఈ ప్రతిక్రియయే శోథము.

సైనికులే ఇల్లు తగులబెట్టుచున్నప్పుడు వారిని అణచినచో రోగి కోలుకొనునుగదా అని పలువురు తలంచిరి. కొందరు యంత్రములో తెల్లకణములను పట్టు వడపోతలను అమర్చిరి. అవి కణముల సంఖ్యను తగ్గించినను, రోగికి నిలుకడగల మేలు రుజువు కాలేదు. పైగా వడపోతలో చిక్కిన కణములే రెచ్చిపోవచ్చునని శంక కలిగినది. మరికొందరు స్టెరాయిడు మందులు వాడిరి. రక్తములో శోథమును సూచించు పదార్థములు తగ్గినవి. ఇక్కడనే తర్కములోని లోపమున్నది. తగ్గినది సూచిక, రోగి బాగుపడెనా అనునది వేరు ప్రశ్న.

ఆ ప్రశ్నకు రెండు పెద్ద పరీక్షలు జవాబు వెదకినవి. రెండింటను రోగులను చీటి వేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు స్టెరాయిడు, మరియొక దానికి మందు లేని ద్రవము ఇచ్చిరి. 2012లో ప్రకటితమైన నెదర్లాండ్సు పరీక్షలో 4,494 మంది పాల్గొనిరి. మరణము, పక్షవాతము మొదలైన పెద్ద ఆపదలు స్టెరాయిడు పొందినవారిలో నూటికి 7.0, పొందనివారిలో 8.5. ఈ భేదము కాకతాళీయముగా వచ్చినది కాదని నిశ్చయించుటకు చాలదు. ఆసుపత్రిలో గడపిన కాలము మాత్రము కొంత తగ్గినది. 2015లో ప్రకటితమైన మరియొక పరీక్షలో 18 దేశములకు చెందిన 7,507 మంది పాల్గొనిరి. ముప్పది దినములలో మరణించినవారు స్టెరాయిడు పొందిన 3,755 మందిలో 154, పొందని 3,752 మందిలో 177. ఈ భేదమును నమ్మదగినది కాదు. అంతేకాక, స్టెరాయిడు పొందినవారిలో గుండె కండరమునకు దెబ్బ ఎక్కువగా కనిపించినది.

కారణములు ఊహింపవచ్చును. హాని చేయు కణములే క్రిములను మ్రింగును, చచ్చిన కణజాలమును తొలగించి గాయము మానుటకు తోడ్పడును. వానిని మొత్తముగా అణచినచో మేలును కీడును కలిసి పోవును. అందుచే రెచ్చగొట్టు కారణములనే తగ్గించు ప్రయత్నములును జరుగుచున్నవి: గొట్టములకు హెపారిన్ పూత పూయుట, యంత్రముపై నుంచు కాలమును కుదించుట, వీలైనచోట యంత్రము లేకుండనే శస్త్రచికిత్స చేయుట.

ఉపాధ్యాయులు సైనికుల పోలికను విడువనక్కరలేదు. ఆ సైనికునికి శత్రువును గుర్తించు వివేకము లేదనియు, తాకిడిని బట్టియే కదలుననియు చేర్చి చెప్పవలెను. ఒక మందు రక్తపరీక్షలో ఏదో తగ్గించినదని చదివినప్పుడు, దానివలన ఎందరు బ్రతికిరి, ఎందరు ఇల్లు చేరిరి అని అడుగుట విద్యార్థులకు నేర్పవలెను.